పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు

క్రోయిడన్
14 ఏప్రిల్ 2002, ఆదివారం

పిన్నికి,

అందరం బాగున్నామని మొదలుపెట్టాలి. బాగానే ఉన్నాం, ఒక్క శ్రీజ పళ్ళు తప్ప.

పోయిన నెల ఈస్ట్ హామ్ ఫ్లాట్ ఖాళీ చేసి, లండన్‌లోనే ఈ చివరికి మారాం. శ్రీకర్ కొత్త ఆఫీసుకి ఇక్కడి నుంచి రెండు ట్రామ్ స్టాపులే. ఫోను కనెక్షన్ ఇంకా రాలేదు. శ్రీకర్ మొబైలు ఆఫీసు వాళ్ళది, దాంట్లోంచి ఇండియాకి చేయకూడదు. బూత్ నుంచి కార్డు పెట్టి చేద్దామా అంటే, నీ గొంతు వినగానే ఏడుస్తాను, పక్కనే శ్రీజ ఉంటుంది. నువ్వైనా దుకాణంలో పదిమంది ముందు ఏం మాట్లాడతావు? "సాంబారు ఎవరికి బాబూ" అంటూనే నాతోనూ మాట్లాడతావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

శ్రీజ మూడేళ్ళు వచ్చేదాకా పాల సీసా నోట్లో పెట్టుకునే పడుకునేది కదా, దాని ఫలితం ఇప్పుడు చూస్తున్నాం. ఆరేళ్ళకే వెనక పళ్ళు నాలుగు పుచ్చిపోయాయి. సర్జరీకి తీసుకెళ్ళాను. కంగారుపడకు, సర్జరీ అంటే ఇక్కడ డాక్టరు గది, కోత కాదు. నాలుగూ తీసెయ్యాలన్నాడు డెంటిస్టు. పిల్ల భయపడకుండా ముక్కు మీద చిన్న మాస్క్ పెట్టి గ్యాస్ ఇస్తారట. నిద్ర కాదు, ఉత్త మగత. సెడేషన్ అంటారు దాన్ని. పిలిస్తే పలుకుతుంది, చెప్పిన మాట వింటుంది, నొప్పి మాత్రం పట్టించుకోదు అన్నాడు.

మొన్న గురువారం వెళ్ళాం. మాస్క్ పెట్టారు. శ్రీజ మొదట నవ్వింది. తర్వాత దాని కనురెప్పలు మెల్లగా వాలాయి. అంతే పిన్నీ. "వద్దు, ఆపండి, ఆపండి!" అని అరిచాను, అదీ తెలుగులో. నర్సుకి ఏమీ అర్థం కాలేదు. శ్రీజకి అర్థమైంది. మాస్క్ పీకి పారేసింది. ఇక ఎవరెంత బతిమాలినా పెట్టుకోలేదు.

అయితే హాస్పిటల్లో పూర్తిగా మత్తిచ్చి తీయాల్సిందే అన్నాడు. పోయినేడు దాకా ఇలాంటి సర్జరీల్లోనే పిల్లల్ని పడుకోబెట్టి తీసేవాళ్ళట. ఈ జనవరి నుంచి హాస్పిటల్లో తప్ప ఎక్కడా పడుకోబెట్టకూడదని రూలు వచ్చింది. ఎందుకొచ్చింది అని అడిగాను. సేఫ్టీ అన్నాడు. అంటే ఎవరో ఒకరికి ఏదో జరిగే ఉంటుంది కదా?

నాకు అమ్మే గుర్తొస్తోంది. కడుపు పోయాక శుభ్రం చేయడానికని నర్సింగ్ హోముకి వెళ్ళింది, గంటలో వచ్చేస్తానంది, రాలేదు. అప్పుడు నాకు నాలుగేళ్ళు. పెద్దయ్యాక ఎప్పుడడిగినా నువ్వు ఒక్కటే చెప్పేదానివి: "ఉత్త కడుపుతో ఉన్నదానికి ఆ డాక్టరు అంత మత్తు ఎక్కించాడు, తట్టుకోలేకపోయింది." ఏడాది తిరక్కుండా నాన్నను చేసుకుని నా కోసం ఆ ఇంటికొచ్చావు. నిన్ను మళ్ళీ మళ్ళీ అడగడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆ రోజు అసలేం జరిగిందో వివరంగా రాయవూ? ఏ మందు ఇచ్చారు? ఎంతసేపటికి అలా అయింది? తెలిస్తే ఇక్కడి డాక్టర్లని అడుగుతాను. నాకు చాలా భయంగా ఉంది.

నువ్వు వేళకి తింటున్నావా? ఊరందరికీ ఇడ్లీలు పెట్టి నువ్వు మాత్రం ఒక్కటీ ముట్టవు. చేసి చేసి మొహం మొత్తినట్టుంది. ఏదో ఒకటి తిను.

నీ
ఆది

* * *

చీరాల
24 ఏప్రిల్ 2002

మా ఆదిలక్ష్మికి,

నీ ఉత్తరం పొద్దున పదింటికొచ్చింది. మీ ఇంటాయన కొత్త ఆఫీసు దగ్గర్లో ఉన్నందుకు సంతోషం. మిగతా ఉత్తరం చదివాక ముద్ద దిగలేదు.

ఏం పోయేకాలం వచ్చిందని పాలపళ్ళకి మత్తులూ హాస్పిటళ్ళూ? అవి వాటంతటవే ఊడిపోయేవి కావూ? లవంగ నూనెలో దూది ముంచి పంటి మీద పెట్టు. ఉప్పు నీళ్ళు పుక్కిలించమను. వేసవి సెలవులు ఇస్తే పిల్లని తీసుకుని ఇక్కడికి రా, బజారులో పళ్ళ డాక్టరు సూది వేసి నిమిషంలో లాగేస్తాడు, పిల్ల మెలకువగానే ఉంటుంది. ఆ మగతలూ మాస్కులూ మనకొద్దు. మత్తు జోలికి పోకు. నీకు దణ్ణం పెడతాను.

మీ అమ్మ సంగతి ఏం రాయమంటావు? ఇరవై ఆరేళ్ళయింది. గడిచిపోయినదాన్ని తవ్వితే ఏం వస్తుంది? ఎప్పుడూ చెప్పేదే. అంతకన్నా నాకు తెలియదు.

దుకాణం బాగానే నడుస్తోంది. రుబ్బే కనకమ్మ మోకాళ్ళ నెప్పులని వారం రోజులు రాలేదు, నేనే రుబ్బాను. బస్టాండు వాళ్ళు కొత్త షెడ్డు వేస్తామని మన బల్లలు రెండు తీయించారు. వాళ్ళతో పోట్లాడి ఒకటి మళ్ళీ వేయించాను.

శ్రీజ ఫోటో ఒకటి పంపు. నవ్వుతున్నది పంపు.

మంగ పిన్ని

* * *

క్రోయిడన్
8 మే 2002

పిన్నికి,

నువ్వు కూడా వద్దన్నాక నా భయం రెట్టింపైంది. కానీ ఇక వద్దనడానికి వీల్లేదు. పోయిన శుక్రవారం శ్రీజ ఎడమ బుగ్గ పూరీలా పొంగింది. జ్వరం నూట రెండు. లవంగ నూనె పెడితే కేకలు పెట్టింది. జీపీ, అంటే మా పేట డాక్టరు, చూసి యాంటీబయాటిక్ ఇచ్చి, ఇంకా ఆలస్యం చేస్తే చీము ఎటు పాకుతుందో చెప్పలేమన్నాడు. హాస్పిటల్ వాళ్ళు డేటు ఇచ్చారు: 23 మే, గురువారం, పొద్దున ఏడున్నరకి డే వార్డులో ఉండాలి.

కాగితాలు పంపారు. దాంట్లో ఏముందో తెలుసా? ముందు రోజు అర్ధరాత్రి దాటాక పిల్లకి తిండి పెట్టకూడదు, పాలు ఇవ్వకూడదు, చూయింగ్ గమ్ కూడా వద్దు. ఆరింటి దాకా మంచినీళ్ళు మాత్రం తాగొచ్చట. పద్దెనిమిది కిలోల పిల్ల పిన్నీ! దానికి నరంలోంచి మత్తు ఎక్కిస్తారట, అదీ పస్తు పెట్టి.

తలనొప్పి బిళ్ళకైనా సరే, "ఖాళీ కడుపున మందు పడకూడదే" అని ముందు నాలుగు ముద్దలు పెట్టి గాని ఇచ్చేదానివి కాదు. అమ్మ ఎందుకు పోయిందో తెలిసీ నా కూతురికి నేను అదే చెయ్యనా? చెయ్యను. గురువారం పొద్దున శ్రీకర్ స్నానానికి వెళ్ళినప్పుడు ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు పెట్టేస్తాను. ఎవరికీ చెప్పను. ఆయనకి చెబితే కాగితం తీసి మొదటి లైను నుంచి చదివి వినిపిస్తాడు. హాస్పిటల్లో అడిగితే ఏమీ తినలేదంటాను. ఈ సంగతి నీకొక్కదానికే చెబుతున్నాను.

ఎదురు ఫ్లాట్లో నిర్మలాదేవి ఆంటీ అని హైదరాబాద్ వాళ్ళు ఉన్నారు. "ఏం గాదు లక్ష్మీ, ఊకె పరేషాన్ అవకు, ఇక్కడ రోజూ చేస్తరు" అంటుంది. ఆమె వాళ్ళమ్మ పోలేదు కదా.

నువ్వు ఆ రోజు ఆ సమయానికి దీపం పెట్టు. మీకు మధ్యాహ్నం అవుతుంది.

ఆది

* * *

చీరాల
19 మే 2002

ఆదీ,

శ్రీజకి పాలు పట్టకు.

పాలు పట్టకు, బిస్కెట్టు పెట్టకు. వాళ్ళు కాగితంలో ఏం రాశారో అక్షరం తప్పకుండా అదే చెయ్యి. మిగతాది తర్వాత చదువు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ఈస్ట్ హామ్ నంబరుకి చేశాను. ఎవడో ఎత్తి ఇంగ్లీషులో ఏదో అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను, తిట్టి పెట్టేశాడు. శ్రీకర్ సెల్ నంబరు పోయినేటి కేలండర్ వెనక రాసుకున్నాను, ఆ కేలండర్ చింపి కనకమ్మ పొయ్యి ముట్టించింది. శ్రీకర్ వాళ్ళ ఊళ్ళో ఇంటికి మనిషిని పంపితే తాళం వేసి ఉంది, కాశీ వెళ్ళారట. కొరియర్ ఆఫీసులో కూర్చున్న పిల్లవాడు ఎంత తొందరగా పంపినా వారం అంటున్నాడు. గురువారం లోపల ఇది నీకు అందదు. తెలిసే రాస్తున్నాను, రాయకుండా ఉండలేక.

మీ అమ్మ ఉత్త కడుపుతో పోలేదు.

ఆ రోజు నేనే తోడు వెళ్ళాను. నాకు పద్దెనిమిదేళ్ళు. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినొద్దన్నారు, తొమ్మిదింటికి చేసేస్తామన్నారు. తొమ్మిదైంది, పదైంది. ఎవరికో కాన్పు కష్టమైందని డాక్టరు బాపురావుగారు అటే ఉండిపోయారు. పదకొండు దాటింది. అక్క వరండాలో గోడకి చేరగిలబడి "కళ్ళు తిరుగుతున్నాయే మంగా, ఏదైనా పెట్టవే" అంది. దాని మొహం పీక్కుపోయింది. నేను చూడలేకపోయాను. ఎదురుగా కాకా హోటలుంది. ఇడ్లీ పొట్లం కట్టించుకొచ్చాను. పైట చాటు పెట్టి తిన్నది.

పావుగంటలో పిలుపు వచ్చింది. నర్సు అడిగింది, "ఏమన్నా తిన్నావా అమ్మా?" అక్క నావంక చూసింది. నేనే చెప్పాను: "పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ." తిన్నదంటే తిట్టి మర్నాడు రమ్మంటారని, మళ్ళీ ఆ ఆకలి పడలేదని, అంతే నా ఆలోచన.

సూది మందు ఇచ్చారు. నిద్ర కాదు, నువ్వు రాశావే, మగత అని, అదే. తలుపు అవతల నుంచి దగ్గు వినిపించింది. దగ్గు ఆగిపోయింది. తర్వాత పరుగులు. బాపురావుగారు బయటికొచ్చి నా భుజం పట్టుకుని అడిగాడు, "ఏం తిన్నది? నిజం చెప్పు, నిజం చెబితే ఏదైనా చెయ్యగలనేమో." ఆదీ, అప్పుడు కూడా అదే మాట అన్నాను. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ.

తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయిందట. మగతలో ఉన్న మనిషి దగ్గి బయటికి పంపలేదట. ఇది చాలా ఏళ్ళ తర్వాత ఒక నర్సు మన దుకాణంలో టిఫిన్ చేస్తూ వేరే ఎవరి సంగతో చెబుతుంటే తెలిసింది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఊరంతా ఆ డాక్టరుని తిట్టింది. ఎక్కువ మత్తిచ్చి చంపాడన్నారు. నేను అవునన్నాను. ఉత్త కడుపు మీద అంత మందు ఎక్కిస్తే తట్టుకుంటుందా అని నేనే అందరికీ చెప్పాను, నీకూ చెప్పాను. ఆ అబద్ధమే ఇవాళ నీ చేత పాల గ్లాసు పట్టిస్తోంది. ఇది మాత్రం నేను భరించలేను.

నన్ను ఏమైనా అను. పిల్లకి మాత్రం పాలు పట్టకు.

మంగ

* * *

క్రోయిడన్
24 మే 2002, శుక్రవారం

పిన్నికి,

నీ మీద కోపంగా ఉంది, నా మీద ఇంకా కోపంగా ఉంది. జరిగింది చెప్తాను.

అనుకున్నట్టే పాలు పట్టాను. శ్రీజ వద్దంది, "ఆ లేడీ వద్దు అంది కదా మమ్మీ" అని ఇంగ్లీషులో. నోరు మూసుకుని తాగమన్నాను. వార్డులో రెండు చేతుల మీదా మ్యాజిక్ క్రీమ్ అనేదేదో పూసి ప్లాస్టర్లు వేశారు. సూది గుచ్చితే తెలియకుండా ఉండడానికి. దానికి బొమ్మల గౌను ఇచ్చారు. ఎంత ముచ్చటగా ఉందో.

నర్సు వచ్చి అడిగింది, చివరిసారి ఎప్పుడు తిన్నదని. "రాత్రి అన్నం. తర్వాత నథింగ్. నాట్ ఈవెన్ వాటర్" అన్నాను. గడగడా అనేశాను, ముందే వల్లించి పెట్టుకున్నాను కదా. శ్రీజ మంచం మీంచి తలెత్తి, దాని లండన్ యాసలో, "బట్ మమ్మీ, ఐ హాడ్ మిల్క్. అండ్ టూ బిస్కిట్స్" అంది.

నర్సు రాసేది ఆపింది. శ్రీకర్ నావంక చూశాడు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆయన అలా చూడడం నేను ఎరగను.

మత్తు డాక్టరమ్మ వచ్చింది. ఇవాళ చెయ్యనంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు, నా పక్కన కూర్చుంది. మత్తులో గొంతు కాపలా ఉండదట. కడుపులో పాలుంటే పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయట. "మీ అమ్మాయి నిజం చెప్పకపోతే ఇంకో అరగంటలో నేను మత్తిచ్చి ఉండేదాన్ని" అంది.

సిగ్గు లేకుండా ట్రామ్‌లో శ్రీజని తిట్టాను, అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చేశావని. అది ఏడవలేదు. "యూ డిడ్ సే ఇట్ యువర్‌సెల్ఫ్" అంది, అబద్ధం చెప్పింది నువ్వే కదా అని. శ్రీకర్ నిన్నటి నుంచి మాట్లాడటం లేదు. పొద్దున పిల్లకి జడ తనే వేశాడు, వంకరటింకరగా.

కొత్త డేటు 20 జూన్. ఈ లోపల బుగ్గ మళ్ళీ పొంగకుండా ఉండాలి.

డాక్టరమ్మకి అమ్మ సంగతి చెప్పాను. ఉత్త కడుపు వల్ల అలా జరగదు అంది. ఆవిడ చాలా నెమ్మదిగా నన్ను ఒకటి అడిగింది, అదే నేను నిన్ను అడుగుతున్నాను. పిన్నీ, అమ్మ ఆ రోజు ఏమైనా తిన్నదా?

ఆది

* * *

క్రోయిడన్
28 మే 2002

అలివేలుమంగగారికి,

మీ కొరియర్ నిన్న అందింది. అడగకముందే జవాబు వచ్చేసింది.

ఇరవై ఆరేళ్ళు నా చేత ఒక అమాయకుణ్ణి తిట్టించారు. మొన్న నా కూతురికి నా చేతులతోనే ఆ పని చేయించబోయారు. అమ్మ మంచం ఖాళీ అయిన ఏడాదిలో ఆ చోటుకి మీరు వచ్చారు. ఇప్పుడు ఆలోచిస్తే ఏమేమో అనిపిస్తోంది. రాయడానికి కూడా భయంగా ఉంది.

నాకు ఉత్తరాలు రాయకండి.

ఆదిలక్ష్మి

* * *

చీరాల
30 మే 2002

ఆదీ,

ఇవాళ్టికి గురువారం పోయి వారం. నీ నుంచి కబురు లేదు.

పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నాను. ఎవరైనా దగ్గితే చేతిలో పని వదిలేసి వెళ్ళి చూస్తున్నాను. నిన్న ఒక పిల్ల పాలు తాగుతూ పొలమారింది, నేను అరిచిన అరుపుకి బస్టాండులో జనం పరిగెత్తుకొచ్చారు. కనకమ్మ నన్ను ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టింది.

పిల్లకి ఏమైనా అయితే నువ్వు రాయవని తెలుసు. ఏమీ కాకపోయినా, నా ఉత్తరం చదివాక రాయవని తెలుసు. ఈ రెండింట్లో ఏదో నాకెలా తెలుస్తుంది? నిన్న సాయంత్రం దుకాణంలో ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. నువ్వేనా?

నాతో మాట్లాడొద్దు. కవరులో ఖాళీ కాగితం పెట్టి పంపు చాలు. పిల్ల ఉందని అనుకుంటాను.

మంగ

* * *

చీరాల
8 జూన్ 2002

ఆదిలక్ష్మికి,

రెండు ఉత్తరాలూ ఒక్కరోజే అందాయి. మొదటిది చదివి శ్రీజ పేరున వీధిలో పిల్లలందరికీ అట్లు పోసి పెట్టాను. ఆ పిల్ల నోటికి నేను మొక్కాలి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పద్దెనిమిదేళ్ళ దానికి నాకు చేతకాలేదు, ఆరేళ్ళ దానికి చేతనైంది. దాన్ని తిట్టకు.

రెండోది కూడా చదివాను. రాయొద్దన్నావు, ఈ ఒక్కటి రాసి ఊరుకుంటాను. అమ్మ చోటుకి వచ్చానన్నావు. లేదు తల్లీ. పెద్దకర్మ నాడు నువ్వు అరుగు మీద కూర్చుని "ఆకలేస్తోంది" అని ఎవరితోనూ కాకుండా నీలో నువ్వే అనుకుంటున్నావు. ఇంటినిండా జనం, ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. అందుకు వచ్చాను. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

ఆ డాక్టరుగారు ఒంగోలు మారిపోయారంటే పదేళ్ళ తర్వాత అక్కడికి వెళ్ళాను, కాళ్ళ మీద పడి చెప్పేద్దామని. అప్పటికే పోయారట. ఆ బాకీ నా దగ్గరే ఉండిపోయింది.

ఇక అసలు సంగతి. 20వ తేదీ పొద్దున పిల్ల ఆకలంటుంది. వాళ్ళు ఆలస్యం చేస్తారు, ఆలస్యం చెయ్యని హాస్పిటల్ ఉండదు. నీ కొంగు పట్టుకుని కొంచెం పెట్టమని ఏడుస్తుంది. ఒక్క ముక్క పెడితే ఏమవుతుందిలే అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు నన్ను గుర్తు తెచ్చుకో. నాకు లొంగడం తెలుసు ఆదీ, అందుకే చెబుతున్నాను. లొంగకు.

పిన్ని

* * *

క్రోయిడన్
23 జూన్ 2002, ఆదివారం

పిన్నికి,

శ్రీజ బాగుంది. ముందు అది రాస్తున్నాను, ఈసారి నువ్వు వారం రోజులు చావక్కర్లేదు.

ఆ రోజు ఫోను చేసింది నేనే. కొత్త కనెక్షన్ వచ్చిన పూట. ఒక్కసారి మోగనిచ్చి పెట్టేశాను. నీ గొంతు వింటే తిడతానో ఏడుస్తానో తెలియలేదు.

గురువారం నువ్వు రాసినట్టే అయింది. పొద్దున ఏడున్నరకి వెళ్ళాం. మా ముందు ఇంకో పిల్లవాడికి ఎక్కువసేపు పట్టింది. తొమ్మిదైంది, పదైంది. శ్రీజ మొదట రంగులు వేసింది, తర్వాత కాగితం చింపింది, తర్వాత నా ఒళ్ళో పడుకుని "ఆకలి" అంది. తెలుగులో అంది పిన్నీ. దానికి ఏం కావాలన్నా ఇంగ్లీషులోనే అడుగుతుంది, ఆ మాట మాత్రం తెలుగులో వచ్చింది. పక్క మంచం పిల్ల వాళ్ళమ్మ సంచిలో అరటిపండు కనిపిస్తోంది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. ఒక్క ముక్క, రెండు వేళ్ళంత ముక్క. ఏమవుతుందిలే అనిపించింది. ఇంత తెలిసీ, ఆ డాక్టరమ్మ అంత చెప్పాకా, నాకు అలా అనిపించింది.

నువ్వు గుర్తొచ్చావు. వరండాలో పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఏమీ తెలియదు, చెప్పేవాళ్ళు లేరు, పక్కన అక్క కళ్ళు తిరిగి పడిపోతోంది. నీ చోట నేనుంటే పదకొండు దాకా ఆగేదాన్నే కాదు. పదింటికే పెట్టేసేదాన్ని.

నేను లొంగలేదు. నేనూ పొద్దున్నుంచి ఏమీ తినలేదు, దానితో పాటు ఉన్నాను. నర్సు వచ్చి అడిగింది. నేను నోరు తెరిచేలోపే శ్రీజ చెప్పింది: "ఆరింటికి కొంచెం వాటర్ తాగాను. అంతే. మమ్మీ కూడా తినలేదు, షీ ఈజ్ స్టార్వింగ్." నర్సు నవ్వి నావంక చూసింది. అవును, అంతే అన్నాను. నిజం చెప్పడం అంత తేలికగా ఉంటుందని అనుకోలేదు.

పడుకోబెట్టేటప్పుడు నన్ను దగ్గరే ఉండనిచ్చారు. పైపులో తెల్లగా పాలలాంటి మందు ఎక్కింది. కనురెప్పలు వాలాయి. మొన్న ఏప్రిల్లో ఏ రెప్పలు చూసి అరిచానో అవే రెప్పలు. ఈసారి అరవలేదు. చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. బయటికొచ్చాక తలుపు పక్కనే కూర్చుండిపోయాను. శ్రీకర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. నెల్లాళ్ళలో మొదటిసారి సరిగ్గా మాట్లాడాడు, "టీ తాగుతావా?" అని. దాని దగ్గు వినపడుతుందేమోనని నలభై నిమిషాలు ఆ తలుపుకి చెవి ఒగ్గి కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

లేచింది. నోరంతా రక్తం, కోపంగా ఉంది. పళ్ళు ఏవి, తనకివ్వమంది. మధ్యాహ్నం మెత్తగా పెరుగన్నం తిన్నది.

నేను రాసిన ఆ మాట, అమ్మ చోటు గురించి, అది నేను వెనక్కి తీసుకోలేను, రాసేశాను కదా. నువ్వు ఆ కాగితం పొయ్యిలో పెట్టెయ్. అమ్మ విషయంలో నీ మీద కోపం పోయిందని కూడా రాయలేను. కొంచెం ఉంది. డాక్టరు అడిగినప్పుడైనా చెప్పాల్సింది.

కానీ ఒక సంగతి అడగాలి. చిన్నప్పటి నుంచీ నాకు ఒకే కల వచ్చేది. అమ్మ ఆ వరండాలో ఆకలితో కూర్చుని ఉంటుంది, నేను అన్నం గిన్నె పట్టుకుని వెళుతుంటాను, ఎంత నడిచినా ఆ వరండా రాదు. ఉత్త కడుపుతో పోయిందని నువ్వు చెప్పిన మాట వల్లే ఆ కల. నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నిజం చెప్పు. ఆ ఇడ్లీలు అమ్మ సరిగ్గా తిన్నదా? భయం భయంగా నాలుగు మెతుకులు కతికి వదిలేసిందా, ఆకలి తీరిందా?

ఆది

* * *

చీరాల
3 జూలై 2002

ఆదీ,

తిన్నది.

పొట్లంలో నాలుగున్నాయి. రెండు దానికి, రెండు నాకు అనుకున్నాం. రెండు తిని వేళ్ళు నాకింది. "నీ దాంట్లోంచి ఒకటి ఇవ్వవే" అని నా చేతిలోంచి లాక్కుని మూడోది కూడా తిన్నది. పచ్చడి బాగుంది, ఇంకాస్త అడిగి రాకపోయావా అంది. పైట చెంగుతో మూతి తుడుచుకుని, "ఇప్పుడు ప్రాణం లేచొచ్చిందే మంగా" అని నవ్వింది. ఆ నవ్వు గురించి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఇడ్లీల సంగతి చెప్పాలి కదా.

నాలుగోది నా చేతిలో ఉండగానే పిలుపు వచ్చింది. అది అక్కడే గోడ మీద పెట్టేశాను. ఆ రోజు నుంచి ఇడ్లీ నోట పెట్టలేదు. మొహం మొత్తి కాదు.

ఆకలి తీరింది తల్లీ. నీకు ఇక ఆ కల రాకూడదు.

ఇవాళ పొద్దున నీ ఉత్తరం రెండోసారి చదివి, మొదటి వాయి దింపాక ఒకటి నా ఆకులో వేసుకున్నాను. కనకమ్మ నోరు తెరుచుకుని చూసింది. తిన్నాను. ఉప్పు కాస్త తక్కువైంది.

పిన్ని